చెట్ల మధ్య బొమ్మల కొలువు

సంపాదక మహాశయా,

అమెరికాలోని బెంటన్‌విల్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. పిల్లల్ని చూడ్డానికి ఇటు వచ్చే తెలుగు అమ్మానాన్నలు క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళా మ్యూజియం తప్పక చూడాలి. 2011లో తెరిచారు. శాశ్వత ప్రదర్శనకు టికెట్టు లేదు. మేం మొదటిసారి మంగళవారం వెళ్లాం, ఆ రోజు సెలవట! సరేలెమ్మని చుట్టూ ఉన్న అడవిలో కాలిబాట పట్టాం. మోకాళ్లు నొప్పి పుట్టినా వెనక్కి రాబుద్ధి కాలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాం. లూయీస్ బూర్జ్వా అనే శిల్పి చేసిన 30 అడుగుల సాలీడు కింద నిలబడి పైకి చూశాం. పొట్ట సంచిలో పాలరాతి గుడ్లు! "పాపం, కడుపుతో ఉంది కాబోలు" అంది మా ఆవిడ. ఆ శిల్పం పేరు 'మమాఁ', ఫ్రెంచిలో అమ్మ అని మా మనవరాలు అప్పుడు చెప్పింది.

– ఓ విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, తెనాలి