దసరాకి బిగించిన లిఫ్ట్ కిట్ల సంగతి

దసరా నుంచి మా షెడ్డులో పాత థార్ జీపుకి లిఫ్ట్ కిట్, అంటే బండి ఎత్తు పెంచే సామాను, వేయించుకున్న 11 మందికీ ఇది రాస్తున్నాను. ఒకసారి బండి కిందకి వంగి షాక్ అబ్జార్బర్లు చూడండి. ఆయిల్ తడి ఉందా, నాకు ఫోన్ కొట్టండి. లేకపోయినా కొట్టండి, అన్నీ మార్చేస్తున్నాను.

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు కోట అనే ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రోజూ రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండి. "ఏం అబ్బయా, పదేళ్లు చూడక్కర్లేదంటివి, పట్టుమని నాలుగు నెలలు కాలేదే" అన్నాడు. తల ఎత్తలేకపోయాను. విప్పి, షాక్ రాడ్డు తుడిచి గోరుతో గీస్తే గరుగ్గా తగిలింది. క్రోమ్ పూత పలచన. ఉప్పు బురదకి పూత లేచి సన్నటి గుంటలు పడ్డాయి. ఆ గరుకే ఆయిల్‌ని ఆపే సీలుని కోసేసింది. ఆయిలంతా కారిపోయింది.

సరుకు పంపినాయన్ని అడిగితే, "మీ వాళ్లు ఉప్పునీళ్లలో తిప్పుతారు, వారంటీ రాదు" అన్నాడు. సముద్రం పక్కన బతికేవాళ్లం, ఇంకెక్కడ తిప్పుతాం? దసరాకి ముందు పంపిన సెట్లు ఇప్పటికీ రాయిలా ఉన్నాయి. అదే ధర, అదే పెట్టె, లోపల సరుకు వేరు. ఒక్క మాట చెప్పి ఉంటే కొనేవాణ్ణే కాదు. నేనూ పెట్టె మీద పేరు చూసి బిగించేశాను, అది నా తప్పు.

పది రోజులు నిద్ర లేదు. చవకలో పని కానిచ్చే దారి ఒకటుంది. షాక్‌లు పాతవే ఉంచి, ముందు చక్రాలకి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ బోల్టు బాగా బిగించి, వెనక కమాను కట్టలకి పొడుగు షాకిల్ (కట్టని చాసిస్‌కి తగిలించే లింకు) వేస్తే నాలుగో వంతు ఖర్చుతో బండి లేస్తుంది. కానీ చక్రం కిందికి దిగే జాగా పోయి, ప్రతి గుంటా నేరుగా నడుముకి తగులుతుంది. ముందు చక్రాలని తిప్పే షాఫ్టులు మరీ వాలిపోయి వాటి మీది రబ్బరు తొడుగులు చిరుగుతాయి. బేరం పోయినా సరే, అది నా షెడ్డులో జరగదు.

అందుకని ఎత్తే తగ్గించాను. ఇకపై ఒకటిన్నర అంగుళం, అంతే. మిగిలిన డబ్బంతా మంచి షాక్‌ల మీద పెడతాను. అయినా కిట్ ధర 28 వేల నుంచి 34 వేలకి పెరుగుతోంది. నాలుగంగుళాలు కావాలనే కుర్రాళ్లు ముందు బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదువుకుని రండి.

మీ 11 మందికి పైసా ఖర్చు లేదు, అలైన్‌మెంట్‌తో సహా. బిగించాక 500 కిలోమీటర్లకి, కమాను కట్టలని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ టైట్ చేయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

విప్పిన షాక్‌లు తుక్కుకి వేయను. బండికి నాలుగు చొప్పున 44 లెక్క కాగానే గోనెసంచుల్లో కట్టి ఆ సరుకు పంపినాయన షాపు ముందే దించొస్తాను.