ట్రైసైకిళ్లు ఇచ్చారు సరే, పాఠం సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

దివ్యాంగ పిల్లలకు ట్రైసైకిళ్లు, వినికిడి మిషన్లు పంచుతున్న ఫొటోలు జిల్లా పేజీలో తరచూ చూస్తుంటాం. మంచి పనే, కాదనను. కానీ ఆ సైకిల్ మీద బడికి పోయిన పిల్లకు లోపల పాఠం ఎట్ల చెప్తున్నారన్న వార్త మాత్రం నేను చదవలేదు, అందుకే ఈ ఉత్తరం.

హనుమకొండలో నాది చిన్న జిరాక్స్ షాపు. మా బాబు ఆరో తరగతి. వాడికి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందని డాక్టర్ చెప్పేదాకా బడిలో సార్లు, ఇంట్లో నేను, అందరం కలిసి వాడు ఒట్టి బద్ధకస్తుడని తీర్మానించేశాం. తెలుగులో ఈ ఇబ్బంది ముఖ్యంగా ఒత్తుల దగ్గర బయటపడుతుంది. పైన గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తు, ఇవన్నీ ఒకేసారి పట్టుకోవాలంటే వాడు ఏదో ఒకటి వదిలేస్తాడు. ఒకరోజు క్లాసులో 'పత్తి'ని 'పతి' అని చదివాడు. క్లాసంతా నవ్వింది, సారు కూడా నవ్వారట. అదే పిల్లగాడు పరకాల దగ్గర తాత చేనులో గింజ ఎప్పుడు పెడతారో, కూలోళ్లు దొరకకపోతే ఏరుడు ఎట్ల ఆగిపోతదో, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో తేమ ఉందని ధర ఎట్ల కోస్తారో గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. మరి వాడికి పత్తి గురించి తెలిసినట్టా, తెలియనట్టా? స్లిప్ టెస్టులో మాత్రం ఇరవైకి రెండు. అవే ప్రశ్నలు ఇంట్లో నోటితో అడిగితే ఒక్కటి తప్ప అన్నీ చెప్పాడు.

ఇంకో సంగతి. మా వీధిలో ఒక పాపకు చూపు బాగా తక్కువ. సోషల్ పుస్తకంలో పేజీలు పెద్దగా తీసియ్యమని వాళ్లమ్మ వచ్చింది. ఏ4 పేజీని ఏ3 చేయడమంటే మిషన్లో 141 శాతం నొక్కడమే, నాకది రోజూ ఉండే పని. ఆ కాగితం మీద గోదావరి ఎటు నుంచి ఎటు పోతుందో పాప వేలు పెట్టి చూపించింది. బడిలో ఇన్నేళ్లుగా ఎవరికీ ఈ ఆలోచన రాలేదు! మా వాడికైతే అట్టముక్కలో ఒక్క వరుస కనిపించేంత సందు కోసిచ్చా. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ కదా, ఆ అట్ట లేకపోతే చూపు ఎక్కడికో పోతుంది.

ఇవి బడిలో చెప్తే, "నలభై మందిలో ఒక్కడి కోసం వేరే పాఠం చెప్పమంటారా?" అన్నారు ఒక మేడం. ఆమె ఇబ్బందీ నిజమే. కానీ నేనడిగేది వేరే పాఠం కాదు, బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయమంటున్నా, అంతే. దానివల్ల వెనక బెంచీలో ఉన్న మిగతావాళ్లకూ నష్టమేం లేదు కదా. ఇంకొకరు ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రానికి పంపమన్నారు. అక్కడి రిసోర్స్ టీచర్లు పిల్లలతో ఓపిగ్గా పనిచేస్తారు, నేను చూశాను, కానీ తిరిగి వచ్చాక పిల్లాడు కూర్చునేది పాత బెంచీలోనే, వినేది పాత పద్ధతిలోనే.

1995 వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి, మా వాడి ఇబ్బంది కూడా అందులో ఉంది. ప్రైమరీలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, పై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు పిలిస్తే అందులో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్‌వి. సంతోషం. అయినా ఆ టీచర్ ప్రతి పీరియడ్‌లో పక్కన కూర్చోలేరు. లెక్కలు చెప్పేది లెక్కల సారే, తెలుగు చెప్పేది తెలుగు మేడమే. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో వీళ్లందరికీ ఒక పూట ఈ పద్ధతులు చేసి చూపించండి, స్లిప్ టెస్టులో ఇలాంటి పిల్లల్ని నోటితో అడగనివ్వండి. అధికారులకు నా విన్నపం ఇంతే.

పరీక్షలప్పుడు ప్రశ్నపత్రాలు కాపీ తీయించుకోవడానికి మా షాపుకు వచ్చే సార్లూ, మేడంలూ, పెద్దక్షరాల కాపీ ఒకటి రెండు కావాలంటే అడగండి. వాటికి డబ్బులు తీసుకోను.

– ఒక తండ్రి, హనుమకొండ