పాత డైనోసార్ కిట్లను తప్పు బొమ్మలని పారవేయమనడం సరికాదు

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో డైనోసార్ల గురించి వచ్చిన వ్యాసాన్ని మా పాఠశాలలో విద్యార్థుల చేత పైకి చదివించాను. శాస్త్ర విషయాలను చక్కగా, సులభంగా చెప్పారు. అయితే చివరి పేరాలో, పాతకాలపు ప్లాస్టిక్ డైనోసార్ కిట్లు (ముక్కలను కూర్చి బొమ్మ చేసుకునే పెట్టెలు) తప్పు భంగిమల్లో ఉంటాయి కాబట్టి అవి పిల్లల కంట పడకుండా తీసి పారవేయడం మేలని ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. విజయనగరం సమీపంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తూ, సుమారు 40 ఏళ్లుగా ఈ కిట్లను సేకరించి, అతికించి, రంగులు వేస్తున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

వ్యాసంలో చెప్పిన తప్పు ఉన్నమాట నిజమే. 1950ల నుంచి 1970ల వరకు అమెరికాలో తయారైన కిట్లలో మాంసాహార డైనోసార్లు ఎక్కువగా కంగారూల్లా నిటారుగా నిలబడి, తోకను నేల మీద ఈడుస్తూ ఉంటాయి. కానీ అది బొమ్మల కంపెనీల కల్పన కాదు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1915లో నిలబెట్టిన టైరనోసారస్ అస్థిపంజరమే అలా ఉండేది. 1969లో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్ అనే చురుకైన వేటజంతువును వర్ణించిన తరువాత డైనోసార్ల నడక గురించిన ఆలోచన క్రమంగా మారింది. వెన్నెముక నేలకు సమాంతరంగా, తోక గాలిలో బరువు తూకంగా ఉండేదన్న అవగాహన స్థిరపడ్డాక ఆ మ్యూజియం తన టైరనోసారస్‌ను విప్పి మళ్లీ నిలబెట్టింది. 1995లో కొత్త భంగిమలో దానిని ప్రజలకు చూపింది. అంటే ఒకప్పుడు శాస్త్రమే నమ్మిన, ఆ మ్యూజియంలో దాదాపు ఎనభై ఏళ్లు నిలిచిన రూపం ఆ ప్లాస్టిక్ ముక్కల్లో ఉంది. ఆ రూపాన్ని చేతిలోకి తీసుకోకుండా, ఎందుకు మార్చవలసి వచ్చిందో పిల్లవాడికి ఎలా అర్థమవుతుంది?

నా మొదటి కిట్ 1983లో మా మేనమామ తెచ్చినది. ఆయనది సోంపేట దగ్గరి ఊరు. సరుకు ఓడల్లో పని చేసేవారు. అమెరికా రేవులో ఒక పాత వస్తువుల దుకాణంలో కొన్న ఆలోసారస్ అనే మాంసాహార డైనోసార్ కిట్‌ను, పెట్టె మూలలు నలిగిపోయి ఉండగా, లుంగీలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. అది ఆరోరా కంపెనీ అచ్చుల నుంచి వచ్చినదని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆ కంపెనీ 1971లో మొదలుపెట్టిన చరిత్రపూర్వ దృశ్యాల వరుసలో జంతువులన్నీ 1/13 కొలతలో, అంటే అసలు పరిమాణంలో పదమూడో వంతుగా ఉండేవి. ముక్కలను జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి నొక్కితే బిగుసుకునేవి. ఒక్కొక్క జంతువు కింద ఉండే నేలముక్కను పక్క కిట్ నేలముక్కతో కలుపుకుంటూ పోతే బల్ల నిండా ఒకే అడవి తయారయ్యేది. అప్పట్లో నా దగ్గర ఉన్నది ఒక్క జంతువే. దాని నేలముక్క అంచును చూసి, దీని పక్కన ఇంకేమి ఉండేదోనని ఎన్ని సాయంత్రాలు ఊహించుకున్నానో చెప్పలేను.

అదే వరుసలో డైనోసార్లతోపాటు మామత్, కోరపళ్ల పులి, నియాండర్తల్ మనిషి, క్రోమాన్యన్ అనే తొలి ఆధునిక మానవ స్త్రీపురుషులు కూడా అదే కొలతలో ఉన్నారు. కాలం లెక్కన ఇది భంగిమ కంటే పెద్ద తప్పు, ఎందుకంటే డైనోసార్లు అంతరించిన కాలంలో, అంటే 6.6 కోట్ల సంవత్సరాల కిందట, మనిషి ఎక్కడా లేడు. నేను ఏటా తొమ్మిదో తరగతిలో ఆలోసారస్ పక్కన ఆ మనిషి బొమ్మను నిలబెట్టి, ఇందులో ఏది పొరపాటో చెప్పమంటాను. కాలపట్టికను నల్లబల్ల మీద గీసినప్పుడు నిద్రపోయే పిల్లలు కూడా ఆ బల్ల చుట్టూ మూగుతారు. మన భాషలో ‘రాక్షసబల్లి’ అన్న మాటే ఉంది కదా. డైనోసార్ అని 1842లో ఆంగ్ల శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ పెట్టిన పేరుకు భయంకరమైన బల్లి అనే అర్థం. డైనోసార్లు బల్లులు కావని ఈనాడు అందరికీ తెలుసు. అయినా ఆ మాటను నిఘంటువులోంచి తీసివేయమని ఎవరూ అనరు.

ఇక కిట్‌ను కూర్చడం గురించి చెప్పాలి, ఎందుకంటే వ్యాసకర్త దీనిని కేవలం ఆటవస్తువుగా చూశారని నాకు అనిపించింది. పైరో వంటి కంపెనీల పాత కిట్లకు జిగురు కావాలి. అవి పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. వాటికి వాడే పలుచని ద్రావకం రెండు అంచులను కరిగించి, ఆ కరిగిన పదార్థం ఒకదానిలో ఒకటి కలిసి గట్టిపడేటట్లు చేస్తుంది. అందువల్ల అతుకు నిజానికి అతుకుగా మిగలదు, ఒకే ముక్క అవుతుంది. కిటికీలు తెరిచి పెట్టి, పెద్దలు పక్కన ఉండి మాత్రమే పిల్లల చేత ఈ పని చేయించాలి. మా నాన్నగారు గంటస్తంభం దగ్గర గడియారాలు బాగుచేసేవారు. ఆయన చిమటా, కంటికి పెట్టుకునే భూతద్దం, సన్నని ఆకురాయి నాకు దక్కాయి. అచ్చు రెండు పలకల మధ్య నుంచి బయటికి జారిన పలుచని రేకును ఆ ఆకురాయితో తీసివేసి, వీపు మీది అతుకుగీతను పుట్టీతో పూడ్చి, నీటిలో తడిపిన ఎమరీ కాగితంతో రుద్దినప్పుడు వేలి కొసకు గీత తగలకుండా పోయే క్షణం ఒకటి ఉంటుంది. కంటికంటే వేలికే అది ముందు తెలుస్తుంది.

మన సముద్రతీరపు తేమ ఈ పనికి అనుకూలం కాదు. శ్రావణ భాద్రపదాల్లో స్ప్రే రంగు వేస్తే మీద తెల్లని పొగ పట్టినట్లు అవుతుంది. నేను ఆ రెండు నెలలూ కోయడం, రుద్దడం మాత్రమే చేస్తాను. పెట్టెల్లోని సూచనల కాగితాలను వెండిరంగు పురుగులు కొరికివేస్తాయి. వంకరపోయిన ముక్కను బాగా వేడిగా ఉన్న నీటిలో కాసేపు ఉంచి, నెమ్మదిగా సరిచేసి, వెంటనే చన్నీటిలో పెడితే నిలబడుతుంది. మరుగుతున్న నీటిలో వేస్తే మాత్రం ముక్కే దక్కదు. ఒక నష్టం నేను ఇప్పటికీ మరువలేను. పూర్తిచేసిన స్టెగోసారస్‌ను ఒక వేసవిలో అట్టపెట్టెలో పెట్టినప్పుడు అదే పెట్టెలో మెత్తని వినైల్ బల్లిబొమ్మ ఒకటి ఉండిపోయింది. వినైల్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఎండలకు ఊరి, స్టెగోసారస్ పక్కటెముకల మీద ఆ బల్లి ఆకారమంతా కాళ్లతో సహా కరిగి అచ్చుపడింది. మెత్తని బొమ్మను, గట్టి పాలీస్టైరీన్ బొమ్మను ఒకదానికొకటి తగిలేలా దాచకూడదని ఈ సందర్భంగా పాఠకులకు మనవి.

సేకరించదలచినవారికి మరొక మాట. ప్లాస్టిక్ మీద ముద్రపడిన సంవత్సరం అచ్చు తయారైన ఏడాదిని చెబుతుంది గాని ఆ కిట్ తయారైన ఏడాదిని చెప్పదు. 1977లో ఆరోరా మూతపడ్డాక దాని అచ్చులు మోనోగ్రామ్ కంపెనీకి చేరాయి. అక్కడి నుంచి అవే జంతువులు వేరే పెట్టెల్లో, వేరే రంగు ప్లాస్టిక్‌లో మళ్లీ వచ్చాయి. నాకు ఒక అమ్మకందారు 1971 నాటి అసలు కిట్ అని చెప్పి, చాలా తరువాతి ముద్రణను మూడింతల ధరకు అంటగట్టాడు. పెట్టెను, ప్లాస్టిక్ రంగును పోల్చి చూసుకోకపోవడం వల్ల జరిగింది. సీలు విప్పని పెట్టెలను అలాగే అద్దాల బీరువాలో ఉంచేవారిని నేను తప్పుపట్టను గాని, కూర్చడానికి పుట్టిన వస్తువు కూర్చబడకుండా ఉండిపోవడం నాకు ఎన్నడూ నచ్చలేదు.

నా ఉత్తరానికి అసలు కారణమైన సంగతికి వస్తాను. రెండేళ్ల కిందట విశాఖపట్నంలో పాత పుస్తకాలమ్మే వ్యక్తి దగ్గర, పెట్టె లేని, కంపెనీ గుర్తు లేని ఒక బ్రాంటోసారస్ (పొడవాటి మెడ గల శాకాహార డైనోసార్) కిట్ దొరికింది. తల, ఒక ముందుకాలు పోయాయి. దానిని పిల్లలకు చూపిస్తూ బ్రాంటోసారస్ తల కథ చెప్పాను. 1879లో అమెరికన్ శాస్త్రవేత్త మార్ష్ ఆ పేరు పెట్టినప్పుడు ఆయన ముందున్న అస్థిపంజరానికి తల లేదు. తరువాతివారు కమరాసారస్ అనే మరో డైనోసార్ తలను పోలిన మొద్దుతలను ఊహించి అమర్చారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో బ్రాంటోసారస్‌కు దగ్గరి బంధువైన అపటోసారస్ కూడా దశాబ్దాలపాటు అలాంటి తలతోనే నిలిచింది. మెకింటాష్, బెర్మన్ అనే శాస్త్రవేత్తలు 1975లో పొరపాటును రుజువు చేశాక, 1979లో గాని దానికి సరైన పొడవాటి తల రాలేదు. పేరు సంగతీ అంతే. 1903లో బ్రాంటోసారస్ అనే పేరు చెల్లదన్నారు. 2015లో మరొక అధ్యయనం ఆ పేరును తిరిగి నిలబెట్టింది.

అప్పుడు ఒక విద్యార్థి, ‘మాస్టారూ, మన తెలుగువాళ్ల డైనోసార్ లేదా?’ అని అడిగాడు. మన తూర్పు కనుమల ఖొండలైటు రాళ్లు డైనోసార్ల కంటే ఎంతో పూర్వం భూగర్భపు వేడికి, ఒత్తిడికి రూపు మారినవి కాబట్టి మన జిల్లా కొండల్లో ఆ ఎముకలు దొరకవని చెప్పి, గోదావరి లోయ గురించి చెప్పాను. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. సుమారు 9 మీటర్ల జంతువు. టమియా కంపెనీ డైనోసార్లకు వాడే 1/35 కొలతలో చూస్తే 26 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. దాని ప్లాస్టిక్ కిట్ నాకు ఎక్కడా కనబడలేదు. ఆ తల లేని బ్రాంటోసారస్‌ను కోసి, మెడను, తోకను పొట్టిచేసి, పోయిన కాలిని ఎమ్‌సీల్‌తో మలచి మేమే కోటాసారస్‌ను చేయాలని నిర్ణయించుకున్నాం. మూడు నెలలు పట్టింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో బంధువులున్న ఒక విద్యార్థిని, వీణ చెక్కగా మిగిలిన పనసచెక్క ముక్కను పీఠం కోసం తెచ్చింది.

చివరికి వచ్చేసరికి చిక్కు మళ్లీ తల దగ్గరే వచ్చింది. కోటాసారస్ పళ్లు దొరికాయి గాని పుర్రె దొరకలేదు. తల దొరకనప్పుడు తల లేకుండానే వదిలేస్తే అబద్ధం ఉండదని ఒక అమ్మాయి అంది. తల లేని జంతువు నడిచిందనడం ఇంకా పెద్ద అబద్ధమని పక్కనున్న అబ్బాయి అన్నాడు. గంటసేపు వాదించుకున్నారు, నేను కల్పించుకోలేదు. దగ్గరి జాతుల తలను చూసి ఒకటి మలుద్దామని, అయితే దానికి రంగు వేయకుండా బూడిదరంగు ప్రైమర్‌తోనే ఉంచుదామని, మెడకు అతికించకుండా సన్నని ఇత్తడి సూదితో గుచ్చి, రేపు నిజమైన పుర్రె దొరికితే తీసి మార్చుకొనేలా పెడదామని తీర్మానించారు. మొద్దుతలతో అచ్చయిన ఆ పాత బొమ్మల కథ వినకపోతే, పద్నాలుగేళ్ల పిల్లలకు ఆ ఇత్తడి సూది తట్టేది కాదని నా నమ్మకం.

కాబట్టి మీ పిల్లల పేజీలో ఆ సలహాను సవరించి, పాత కిట్‌ను కొత్త బొమ్మ పక్కన పెట్టి తేడాలు వెతకమని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఓడల మీద, విదేశాల్లో పని చేసి వచ్చినవారి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాటి అటకల మీద ఇలాంటి పెట్టెలు ఉంటే, ముక్కలు పోయినవైనా, విరిగినవైనా, పాత సామాన్లవాడికి వేయకుండా దగ్గరి ఉన్నత పాఠశాల సైన్సు ఉపాధ్యాయుల చేతికి ఇవ్వాలని పాఠకులకు నా విన్నపం. మా ప్రయోగశాల బీరువాలో కోటాసారస్ పక్కన రెండు అరలు ఖాళీగా ఉంచాం.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
విజయనగరం