'ఆంటీ, ఈ పాటకి వస్తారా?'

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాసింది చదివాను. సల్సా, బచాటా అంటూ ఆ లాటిన్ అమెరికా జంట డాన్సులకి సిటీలో ఎక్కడ చూసినా క్లాసులు పెడుతున్నారని, భార్యాభర్తలు కాని ఆడామగా చేతులు పట్టుకుని గెంతడం మన సంస్కృతి కాదని, ఇదంతా పబ్బుల నుంచి అంటుకున్న జబ్బని ఆయన బాధ. ఆ గెంతేవాళ్లలో నేనూ ఒకదాన్ని. వయసు 56, బ్యాంకులో వీఆర్ఎస్ తీసుకుని మూడేళ్లయింది, మోకాళ్లు అంతంతమాత్రం, ఒక మనవరాలు కూడా ఉంది. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివినా అందులో నేనుగానీ, నాతో డాన్స్ చేసేవాళ్లుగానీ ఎక్కడా కనపడలేదు.

ముందు ఆ పబ్బు సంగతి. మేం కలిసేది ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద. ఆదివారం సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక బెంచీలు గోడకి జరిపి, ఒక స్పీకర్ పెట్టుకుని, ఐదు నుంచి ఏడు దాకా. తాగేది ఫ్లాస్కులో టీ. అబ్బాయిలు చెమట పడుతుందని తలో రెండు చొక్కాలు తెచ్చుకుంటారు, నేను పంజాబీ డ్రెస్సు వేసుకుని చున్నీ నడుముకి బిగించి కట్టేస్తాను. ఇంతకన్నా మత్తు అక్కడ ఏమీ లేదు.

మొదటి రోజు నా అరచేతులు ఎంత తడిసిపోయాయంటే చేతిరుమాలు పిండుకోవాల్సి వచ్చింది. పరాయి మగవాడి చెయ్యి పట్టుకోవడం కదా, టెన్షన్ ఉండదా? మాకు నేర్పే అమ్మాయి మొట్టమొదట చెప్పింది అడుగుల గురించి కాదు, చేతుల గురించి. వేళ్లు కొక్కెంలా తగిలిస్తే చాలు, పిండకూడదు, బొటనవేలితో నొక్కకూడదు, మోచేతులు జారిపోకూడదు. ఆ తర్వాతే లెక్క. సల్సాలో ఒకటి, రెండు, మూడు అని వేసి నాలుగు దగ్గర ఆగాలి, ఐదు, ఆరు, ఏడు వేసి ఎనిమిది దగ్గర మళ్లీ ఆగాలి. ముప్ఫై ఏళ్లు క్యాష్ కౌంటర్లో నోట్లు లెక్కపెట్టినదాన్ని, మధ్యలో ఆగడం నాకెలా వస్తుంది? నాలుగుకి కూడా అడుగు వేసేసేదాన్ని, అది సరిగ్గా ఎదుటివాళ్ల కాలివేళ్ల మీద పడేది.

ఇక పద్ధతుల గురించి, ఎందుకంటే ఆ పాఠకుడికి తెలియనిది ఇదే అనుకుంటాను. ఒక పాటకి ఒక జోడీ. పాట నాలుగైదు నిమిషాలు, అయిపోగానే థాంక్స్ చెప్పి విడిపోవడం, తర్వాతి పాటకి ఇంకొకరు. పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడు నా దగ్గరకొచ్చి 'ఆంటీ, ఈ పాటకి వస్తారా?' అని అడుగుతాడు. కాలు నొప్పిగా ఉంది బాబూ అంటే 'పర్లేదండీ' అని వెళ్లిపోతాడు. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగరు. వద్దు అంటే వద్దే. నిజం చెప్పాలంటే ఈ వయసు దాకా, ఇంట్లోనూ ఆఫీసులోనూ కలిపి, నేను 'వద్దు' అన్నది ఒక్కసారికే చెల్లిన చోటు ఇదే. అర్జెంటీనాలో టాంగో అనే జంట డాన్స్ ఆడేచోట ఇంకా నాజూకు, నోటితో అడగరు, దూరం నుంచి కళ్లతోనే అడుగుతారు, ఇష్టం లేకపోతే ఆవిడ చూపు తిప్పుకుంటుంది, పదిమందిలో ఎవరి పరువూ పోదు.

అందరూ బుద్ధిమంతులే వస్తారని నేను అనను. ఒకాయన వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి, ప్రతి పాటకీ అవసరానికి మించి దగ్గరికి లాక్కునేవాడు. రెండో వారం మా టీచర్ ఆయన్ని బయట మెట్ల దగ్గరికి తీసుకెళ్లి మాట్లాడింది, మూడో వారం ఆయన రాలేదు. సిటీ బస్సులో ఇలాంటివాళ్లు నాకు ఎంతమంది తగిలారో లెక్కలేదు, వాళ్లని దింపేసిన కండక్టరు మాత్రం నాకెప్పుడూ తగల్లేదు.

మా దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది, మగవాళ్లు తొమ్మిదిమంది అయితే ఆడవాళ్లం నలుగురం. ఇలాంటి ఉత్తరాలు చదివి ఇళ్లల్లో పంపించరు మరి. జోడీలో ఒకరు నడిపిస్తే ఇంకొకరు వెంట అడుగు వేస్తారు, నా మట్టుకు నేను రెండు వైపులా నేర్చుకున్నాను, నడిపించే వైపు కూడా. కొత్తగా వచ్చిన అమ్మాయి మగవాళ్లతో వెయ్యడానికి భయపడితే మొదటి రెండు పాటలు నాతోనే వేస్తుంది.

మన సంస్కృతి అంటే గుర్తొచ్చింది. మా నాన్న రైల్వే, నేను పుట్టి పెరిగింది లాలాగూడ క్వార్టర్స్‌లో. సికింద్రాబాద్ రైల్వేలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బోలెడు ఉండేవి. క్రిస్మస్‌కి ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే రైల్వే వాళ్ల క్లబ్బులో, బ్యాండు పెట్టి వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, జైవ్ అనే జంట డాన్సులు వేసేవారు. చెక్క నేల మీద కాలు జారేలా పౌడర్ చల్లేవారు, ఆ వాసన కిటికీ దాకా వచ్చేది. మేం తెలుగు పిల్లలం ఆ కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడుతూ చూసేవాళ్లం. ఇంజన్ డ్రైవరు తాతగారు ఒకాయన కూతుళ్లతో, కోడళ్లతో, పక్కింటి ముసలావిడతో వరసగా వేసేవాడు, నల్లబూట్లు తళతళా మెరుస్తుండేవి. తర్వాత చాలా కుటుంబాలు ఆస్ట్రేలియాకీ ఇంగ్లండ్‌కీ వెళ్లిపోయాయి. వాళ్లు మనవాళ్లు కారా? సికింద్రాబాద్ వాళ్లది కాదా?

అసలు ఈ గోల కొత్తదేం కాదు. 1816లో వాల్ట్జ్ లండన్ దర్బారులోకి వచ్చినప్పుడు అక్కడి టైమ్స్ పత్రిక ఇదొక అంటువ్యాధి, మీ కూతుళ్లని దూరంగా ఉంచండి అని తల్లిదండ్రులని హెచ్చరించింది. అచ్చం మీ పాఠకుడి మాటే! ఇప్పుడు ఆ వాల్ట్జే అక్కడ తాతమ్మల డాన్స్. టాంగోని 2009లో, బచాటాని 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మాటకొస్తే మన కోలాటంలో మాత్రం జోడీలు మారడం లేదా? ఎదుటి కర్ర మీద కన్ను పెట్టకపోతే వేళ్లు చితుకుతాయి, ఇక్కడ కాలివేళ్లు, అంతే తేడా.

డాన్స్ చేసే పెద్దవాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించిందని 2003లో అమెరికా డాక్టర్లు రాశారట, మా అమ్మాయి చూపించింది. డాన్స్ వల్లే తగ్గిందో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే డాన్స్‌కి వెళ్లారో అంత తేలిగ్గా చెప్పలేం, పైగా నేను వెళ్లేది మందులా కాదు, సరదాకి.

ఇంతకీ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉంది. మొదట్లో మేం మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లోనే కలిసేవాళ్లం, అద్దె కట్టి. ఎవరో కిటికీలోంచి వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, వారం తిరక్కుండా అసోసియేషన్ హాలు ఇవ్వనంది. అదే హాల్లో కిట్టీ పార్టీలు, యోగా, కొత్త సంవత్సరానికి డీజే అన్నీ జరుగుతాయి. ఆ డీజే ముందు తాగి ఊగినవాళ్లని ఎవరూ వీడియో తియ్యలేదు. వచ్చే నెల జనరల్ బాడీ మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను, రెండు గంటలు, అద్దె కడతాం, తలుపులు తెరిచే ఉంచుతాం.

ఉత్తరం రాసిన పెద్దమనిషిని కూడా ఒక ఆదివారం రమ్మనండి. డాన్స్ చెయ్యక్కర్లేదు, మా ఆయన పక్కన కుర్చీ ఉంది. ఆయనా చెయ్యరు, పేపరు తెచ్చుకుని టీ తాగుతూ కూర్చుంటారు, మీ పేపరే. ఏడాదిగా ఒక్క మాట అనలేదు. మొన్న ఇంటికొస్తూ స్కూటర్ మీద మాత్రం, 'ఇంకా నాలుగు దగ్గర ఆగట్లేదు నువ్వు' అన్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు, సికింద్రాబాద్