కంటి కింద నొప్పి అంటే ముందు షుగర్ చూడండి

సంపాదకుడికి,

కరోనాతో పాటే బ్లాక్ ఫంగస్ కూడా పోయిందని చాలామంది అనుకుంటున్నారు. అది పోలేదు. మన దేశంలో ఈ జబ్బు కరోనాకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. షుగర్ అదుపు తప్పినవాళ్లకే ఎక్కువగా వస్తుంది. చాలాకాలం ప్రభుత్వ ల్యాబ్‌లో పనిచేసినవాడిగా దీని గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా దగ్గరి బంధువు ఒకాయన రైతు. కుడి కన్ను కింద, ముక్కు పక్కన ఒకటే బరువుగా ఉందన్నాడు. ఊళ్లో జలుబు మాత్రలిచ్చారు. పైదవడలో పన్ను కదులుతోందంటే పీకేశారు. నొప్పి తగ్గలేదని మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే స్టెరాయిడ్ మాత్రలు చేతిలో పెట్టారు. వాటితో రెండు రోజులు హాయిగా ఉంది, షుగర్ మాత్రం ఇంకా పెరిగిపోయింది. ఆయనకు షుగర్ ఉందన్న సంగతే అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఎవరూ వేలు గుచ్చి చూడలేదు. హైదరాబాద్ చేరేసరికి కంటిరెప్ప వాలిపోయింది. ప్రాణం దక్కింది కానీ కన్ను తీసేయాల్సి వచ్చింది.

ఈ ఫంగస్ మట్టిలో, పేడలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉంటుంది. అందరం పీలుస్తూనే ఉంటాం, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. రక్తంలో చక్కెర బాగా పెరిగితే మాత్రం ముక్కులో పాతుకుని రక్తనాళాలను మూసేస్తుంది. రక్తం అందని చోట కండ చచ్చి నల్లబడుతుంది. మందు కూడా రక్తంతోనే వెళ్లాలి కాబట్టి అక్కడికి సరిగా చేరదు, అందుకే ఆపరేషన్ చేసి చచ్చిన భాగాన్ని తీసేయాలి. ముక్కు పక్క గదులకీ కంటికీ మధ్య ఉండే ఎముక కాగితమంత పలచన. అది దాటితే కన్ను, ఆ తర్వాత మెదడు. ఇదంతా రోజుల్లోనే జరిగిపోవచ్చు.

2021 మేలో తెలంగాణ ప్రభుత్వం ప్రతి కేసూ తెలియజేయాలని ఉత్తర్వులిచ్చింది, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని చికిత్సకు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు. ఆ జూన్ చివరికి దేశంలో కేసులు 40 వేలు దాటాయి. రోగుల్లో సుమారు 64 శాతం మందికి షుగర్ ఉందని, సగం మందికి పైగా స్టెరాయిడ్లు వాడారని కేంద్రమే చెప్పింది. కరోనా పోయినా ఆ రెండు కారణాలూ మన మధ్యే ఉన్నాయి కదా!

కంటి చుట్టూ బరువు, ముక్కుదిబ్బడ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మామూలు జలుబో సైనసో అయి ఉంటుంది, టెన్షన్ పడక్కర్లేదు. కానీ నొప్పి ఒక్క పక్కే ఉండి, బుగ్గ తిమ్మిరెక్కినా, ముక్కు నుంచి నల్లటి చెక్కులు వచ్చినా, వస్తువులు రెండుగా కనిపించినా, అంగిలి నల్లబడినా, పైపళ్లు కదిలినా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లయితే ఒక్క పూట కూడా ఆగకూడదు.

మొదటి పరీక్షకు పెద్ద ఖర్చు కూడా లేదు. డాక్టర్ ముక్కులోంచి చిన్న ముక్క తీసిస్తే, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తాం. ఫంగస్ దారాలు కనబడితే అదే రోజు చెప్పేయవచ్చు. బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా చికిత్స ఆపాల్సిన పని లేదు. ఇబ్బందల్లా ఆ ముక్క తీసేవాళ్ల దాకా రోగి సమయానికి చేరకపోవడమే.

అందుకని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. ముఖంలో ఒక పక్క నొప్పితో ఎవరు వచ్చినా, అది పల్లె దవాఖానా అయినా పళ్ల డాక్టర్ క్లినిక్ అయినా, ముందు గ్లూకోమీటర్‌తో షుగర్ చూడాలని ఆదేశాలివ్వండి. ఆశా కార్యకర్తలకు ఈ లక్షణాలు నేర్పండి. చీటీ లేకుండా స్టెరాయిడ్లు అమ్మే షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీలు చేయాలి. దగ్గర్లోని ఏ ఆస్పత్రిలో ఈఎన్‌టీ డాక్టర్ ఏ రోజు, ఏ వేళకు ఉంటారో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

– రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, నల్గొండ