చెవిని పరీక్షిస్తున్నామా, మాటలనా?

సంపాదకులకు,

దగ్గరి ధ్వనుల మాటలను 3, 4 ఏళ్ల పిల్లలు వేరుగా వింటున్నారో లేదో చూడటానికి ‘ఈ రెండూ ఒకటేనా, వేరా?’ అని అడగడం సరికాదు. ఆ వయసుకు ‘ఒకటే, వేరు’ అన్న ఆలోచనే బరువు. బల్లి, పల్లి బొమ్మలు ముందు పెట్టి ‘బల్లి ఏది?’ అంటే చాలు. జవాబు వేలితోనే రావాలి. నోటితో చెప్పిస్తే ఉచ్చారణ లోపం కాస్తా వినికిడి లోపంలా కనబడుతుంది.

అంతకంటే ముందు ఆ రెండు మాటలూ బిడ్డకు తెలుసో లేదో చూసుకోవాలి. ‘కంప–గంప’ మంచి జతే. కానీ కంప అంటే తెలియని బిడ్డ రెండుసార్లూ గంపనే చూపించొచ్చు. తప్పు చెవిది కాదు. బ–భ, శ–స జతలు వదిలేయడం మేలు, పెద్దలే చాలామంది వాటిని కలిపి పలుకుతారు.

ఫ్యాన్, టీవీ ఆపి, పెదాలు కనబడకుండా పక్కన కూర్చోవాలి. నోటికి అట్ట అడ్డం పెడితే ధ్వనే మారిపోతుంది, పలుచని బట్ట నయం. అడిగిన బొమ్మ వైపు మన చూపు పోకూడదు. పిల్లలు ఇట్టే పట్టేస్తారు. బొమ్మల చోటు మారుస్తూ జతకు 10 సార్లు అడగాలి. గుడ్డిగా చూపించినా సగం ఒప్పవుతాయి కాబట్టి 10కి 5 అంటే ఏమీ తేలనట్టే. ఊహతో 9 లేదా 10 రావడం మాత్రం దాదాపు నూటికి ఒక్కసారే.

జలుబు చేసిన వారంలో ఈ పరీక్ష వద్దు, మధ్యచెవిలో నీరు చేరి ఉండొచ్చు. తగ్గాక కూడా తడబడుతుంటే ముందు ఆడియాలజిస్టుకు (వినికిడి నిపుణులకు) చూపించాలి.

— ఒక స్పీచ్ థెరపిస్టు