చెవికి పోగు, కాగితానికి టీకా

సంపాదకులకు,

పది రోజుల క్రితం మీ వాణిజ్య పేజీలో గేదె మాంసం ఎగుమతుల మీద వచ్చిన వార్త చదివినప్పటి నుంచి రాద్దామనుకుంటున్నాను, వరి కోతల వల్ల ఆలస్యమైంది. 2023-24లో మన దేశం 370 కోట్ల డాలర్లకు పైగా విలువైన గేదె మాంసం అమ్మిందన్నది నిజమే. అయితే ఆ సరుకును ఎవరు వద్దంటున్నారో కూడా రాసి ఉంటే బాగుండేది. కొంటున్నవి వియత్నాం, మలేషియా, ఈజిప్టు, ఇండొనేసియా, ఇరాక్ వంటి దేశాలు. మంచి ధర పెట్టగల జపాన్, దక్షిణ కొరియా, అమెరికా, ఐరోపా దేశాలు మన సరుకును గడప తొక్కనివ్వవు. కారణం పశువుల నోటికి, గిట్టలకు పుండ్లు తెచ్చే గాలికుంటు అనే అంటురోగం. కొనే దేశాలకైనా ఎముకలు, లింఫు గ్రంథులు తీసేసి, శీతల గదిలో ఒక రోజు మాగబెట్టి, మాంసం పులుపును కొలిచే పీహెచ్ 6 కంటే తగ్గిందని చూపించి, గడ్డకట్టించి పంపాలి. సంతలో దళారి తువ్వాలు కింద మన వేళ్లు నొక్కి వట్టిపోయిన గేదెకు చెప్పే ధరలో ఈ నష్టమంతా కలిసే ఉంటుంది.

2025 జనవరిలో బెర్లిన్ శివారులోని ఒక చిన్న గేదెల మందలో గాలికుంటు బయటపడింది. జర్మనీలో 1988 తరువాత అదే మొదటిసారి. రోగం గేదెలకు వస్తే దక్షిణ కొరియా, బ్రిటన్ ఆ దేశపు పంది మాంసాన్ని సైతం ఆపేశాయి. అక్కడి వాళ్లు మందను తీసేసి, చుట్టుపక్కలంతా కట్టడి చేసి, మార్చికల్లా దేశంలో చాలా భాగానికి రోగరహిత హోదా తిరిగి తెచ్చుకున్నారు. మన దగ్గర ఒక గేదె కుంటితే అది వార్త కూడా కాదు.

పథకం లేదని కాదు. 2019 సెప్టెంబరులో ప్రధాని మథురలో ప్రారంభించిన టీకాల కార్యక్రమానికి గాలికుంటు, పశువులకు గర్భస్రావాలు తెచ్చే బ్రుసెల్లా రెండింటికీ కలిపి 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. 2025 నాటికి అదుపు, 2030 నాటికి నిర్మూలన అన్నారు. గత విడతలో మా ఊరికి టీకాల వాళ్లు పదకొండు గంటలకు వచ్చారు. ఆ వేళకు గేదెలన్నీ చెరువులో ఉంటాయని బడి పిల్లలకు కూడా తెలుసు. కొట్టంలో కట్టేసి ఉన్న రెండు దూడలకు సూది వేసి, మిగతా వాటికి గుర్తింపు కోసం వేసిన చెవిపోగుల పన్నెండంకెల నంబర్లను పాత పుస్తకంలోంచి ఎక్కించుకుని వెళ్లిపోయారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండవలసిన మందు, ఐసు కరిగిన పెట్టెలో నీళ్ల మీద తేలుతూ కనిపించింది. నెల తిరగకుండానే మా పాడి గేదె నోట చొంగ కారుస్తూ, గిట్టల నడుమ పుండ్లతో నిలబడింది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది లీటరుకు పడిపోయింది. అడగబోతే, "మీ గేదెకు టీకా వేసినట్టు రికార్డులో ఉందండీ" అన్నారు. రికార్డు చదవడం రాకపోవడం ఆ గేదె తప్పు కాబోలు!

శిబిరం తొలి రోజున మాత్రం ఫ్లెక్సీకి, ఫొటోకు, పూలదండకు ఏ లోటూ ఉండదు.

చేతకాదనుకోవడానికీ లేదు. ఊరూరా తిరిగి, పశువుల ప్రాణాలు తీసే రిండర్‌పెస్టు రోగాన్ని ఈ దేశం నుంచి తరిమేసింది మన పశువైద్య సిబ్బందే. 2006లో అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. మా జిల్లా ఒంగోలు జాతి పశువులు ఒకప్పుడు సముద్రం దాటి బ్రెజిల్ చేరి, అక్కడ నెల్లూరు పేరు మీద నెలోర్‌గా స్థిరపడ్డాయి. టీకా అవసరం కూడా లేని గాలికుంటు రహిత దేశంగా బ్రెజిల్‌కు 2025లో గుర్తింపు దక్కింది. ప్రపంచంలోనే అత్యధికంగా పశుమాంసం ఎగుమతి చేస్తున్నదీ ఆ దేశమే. పుట్టింట్లో ఉన్న పశువులు మాత్రం ఏటా కుంటుతున్నాయి.

గాలికుంటు లేని ప్రాంతాలుగా తీర్చిదిద్దడానికి కేంద్రం ఎంచుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. టీకా పనిచేసిందో లేదో చూడడానికి ఆ తరువాత తీసే రక్త నమూనాల ఫలితాలను, వేసిన సూదుల లెక్కతో పాటు, మండలాల వారీగా బయటపెట్టమని అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. వచ్చే విడతకు ఉదయం ఆరు గంటలకు రమ్మనండి. అప్పటికి గేదెలన్నీ కొట్టంలోనే ఉంటాయి.

- ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా